మన ఊరి రోడ్డుకి, బస్సుకి డబ్బు ఏ పద్దులో ఉంటుంది, ఎవర్ని ఎలా అడగాలి

"మా ఊరికి రోడ్డు వెయ్యండి సారూ" అని తెల్ల కాగితం మీద రాసి, కలెక్టర్ గారి చేతిలో పెట్టి, ఫోటో దిగి వాట్సాప్ గ్రూపులో వేసి వచ్చేస్తారు చాలామంది. కొన్నాళ్లకి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మీ అర్జీ సంబంధిత శాఖకు పంపడమైనది అని. ఆ సంబంధిత శాఖ ఏదో అర్జీ ఇచ్చినోళ్లకీ తెలీదు, పంపినోళ్లకీ సరిగ్గా తెలీదు, ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ) వాళ్లు ఇది మాది కాదు పంచాయతీరాజ్‌ది అంటారు, పంచాయతీరాజ్ వాళ్లు ఫండ్స్ లేవంటారు, అంతటితో ఫైలు క్లోజ్. ఫండ్స్ లేవు అన్న మాట సగమే నిజం అండి. పల్లె రోడ్లకి వచ్చే డబ్బు ఒక్క చోట ఉండదు, ఏడెనిమిది పద్దుల్లో విడివిడిగా ఉంటుంది, ఒక్కో పద్దుకి ఒక్కో రూలు, ఒక్కో సీజను. ఏ రోడ్డు, ఎవరి రోడ్డు, ఏ పద్దు కింద వస్తుంది అన్న మూడు ముక్కలు అర్జీలో మనమే రాసిస్తే ఆఫీసులో దాన్ని పక్కన పడెయ్యడం కష్టం. ఇది ఆంధ్ర, తెలంగాణ పల్లెలకి రాస్తున్నా, మున్సిపాలిటీ లెక్క వేరు, దాని జోలికి వెళ్ళట్లేదు.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం అర్జీలు ఇక్కడే చచ్చిపోతాయి. నేషనల్ హైవే అయితే కేంద్రం చేతిలో ఉంటుంది, స్టేట్ హైవేలు, మండలాలని జిల్లా కేంద్రాలతో కలిపే పెద్ద జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీ వాళ్లవి, ఊరికీ ఊరికీ మధ్య ఉండే రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లవి, ఊళ్ళో వీధులు గ్రామ పంచాయతీవి. ఇవి కాకుండా కాలవ గట్టు మీద రోడ్డు ఉంటుంది చూడండి, అది ఇరిగేషన్ వాళ్లది, అడవిలోంచి పోతే ఫారెస్టు వాళ్లది. మనకి కంటికి ఒకే రోడ్డులా కనిపించేది మధ్యలో ముగ్గురి చేతులు మారుతుంది, మెయిన్ రోడ్డు నుంచి చెరువు కట్ట దాకా ఆర్ అండ్ బీ, కట్ట మీద ఇరిగేషన్, అక్కణ్ణుంచి ఊళ్ళోకి పంచాయతీరాజ్, ఇలాంటివి బోలెడు.

తెలుసుకోవడం ఎలా అంటే మండలంలో పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఉంటారు, ఆయన దగ్గర జిల్లా గ్రామీణ రోడ్ల ప్లాను, కోర్ నెట్‌వర్క్ మ్యాపు (ఊరూరినీ కలపడానికి గుర్తించిన ముఖ్య రోడ్లది) ఉంటాయి, మన రోడ్డు అందులో ఉందా, ఏ నంబరుతో ఉంది, పొడవెంత, మట్టిదా, మెటల్‌దా, బీటీనా (తారుదా) అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆంధ్రలో అయితే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడిగినా చెప్తారు. అసలు ఆ లిస్టులోనే మన రోడ్డు లేకపోతే ముందు అడగాల్సింది రోడ్డు వెయ్యమని కాదు, లిస్టులో ఎక్కించమని. రికార్డులో లేని రోడ్డుకి ఏ పద్దూ పైసా ఇవ్వదు.

ఇప్పుడు పద్దుల సంగతి

పెద్ద పద్దు పీఎంజీఎస్‌వై, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబర్ 25న వాజ్‌పేయి టైంలో మొదలైంది, రోడ్డే లేని ఆవాసానికి ఏ కాలంలోనైనా నడిచే రోడ్డు ఇవ్వడం దీని పని. ఇక్కడ ఆవాసం అన్న మాట పట్టుకోండి, లెక్క పంచాయతీకి కాదు, రెవెన్యూ గ్రామానికి కూడా కాదు, జనం ఇళ్లు కట్టుకుని ఉంటున్న ఒక్కో గుంపుకి. అంటే పంచాయతీకి రోడ్డు ఉన్నా దాని కింద ఉన్న తండాకో గూడేనికో లేకపోతే ఆ తండా పేరు మీద విడిగా అడగొచ్చు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో విడత, 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చేసింది, 2024-25 నుంచి 2028-29 దాకా, 70,125 కోట్లతో 62,500 కిలోమీటర్లు వేసి 25,000 ఆవాసాల్ని కలపాలని టార్గెట్. జనాభా లెక్క 2011 సెన్సస్ ప్రకారం చూస్తారు, మైదానాల్లో 500 మంది పైన ఉండాలి, ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాలు, ఆకాంక్షిత (వెనకబడినవని కేంద్రం గుర్తించిన) జిల్లాలు బ్లాకులు ఇలాంటి చోట్ల 250 చాలు, మావోయిస్టు ప్రభావిత జిల్లాల్లో 100 ఉన్నా సరిపోతుంది. దగ్గర దగ్గరగా ఉన్న ఆవాసాలని, మైదానంలో అయితే 500 మీటర్ల లోపు ఉన్నవాటిని, కలిపి జనాభా లెక్కెయ్యొచ్చు అని ఈ పథకంలో మొదట్నుంచీ ఉంది, ఇది చాలా ఊళ్ళకి తెలీదు. మన తండాలో 320, పక్క గూడెంలో 210 అయితే రెండూ కలిపి 530, అర్జీ ఇద్దరూ కలిసి పెట్టండి, విడివిడిగా పెడితే ఇద్దరిదీ రిజెక్టు.

ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 భరిస్తాయి. అందుకే కేంద్రం శాంక్షన్ చేసినా రాష్ట్రం తన వాటా వెయ్యకపోతే కాంట్రాక్టర్ బిల్లు ఆగుతుంది, పని ఆగుతుంది, మనం ఏఈని తిడతాం, పాపం ఆయన చేతిలో ఏం లేదు.

అడవిలో ఉండే చెంచులు, కొండరెడ్లు, కోలాములు, గదబలు లాంటి బాగా వెనకబడిన గిరిజన తెగల ఆవాసాలకి 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ వేరే ఉంది, అక్కడ 100 మంది ఉన్నా రోడ్డుకి అర్హత. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రలో మొదలుపెట్టిన అడవితల్లి బాటలో ఈ జన్‌మన్ డబ్బునీ ఉపాధి హామీ డబ్బునీ కలిపి వాడుతున్నారు. డోలీ మోతల వార్తలు పేపర్లో వచ్చే ఏరియా అయితే ముందు అడగాల్సింది ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పీవోని, అంటే ప్రాజెక్టు ఆఫీసర్‌ని, పంచాయతీరాజ్‌లో ట్రైబల్ వెల్ఫేర్ ఇంజనీరింగ్‌లో ఎవరు వేస్తున్నారో ఆయనకి తెలుస్తుంది.

ఉపాధి హామీ దగ్గర జనం ఎక్కువ కన్ఫ్యూజ్ అవుతారు. ఊళ్ళో సీసీ రోడ్లలో చాలా భాగం దీని మెటీరియల్ డబ్బుతోనే వచ్చాయి. 2005 చట్టం ప్రకారం మొత్తం ఖర్చులో కూలికి 60 శాతం తగ్గకూడదు, మెటీరియల్ 40 దాటకూడదు. అంటే కూలి పనులు ఎంత జరిగితే దానికి తగ్గట్టే సిమెంటు డబ్బు పుడుతుంది. ఎండాకాలంలో జనం పనులకి పోని చోట, లేదా మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) సరిగ్గా వెయ్యని చోట సీసీ రోడ్లు అడగడం అంటే విత్తనం వెయ్యకుండా కోతకి కూలీలని పిలిచినట్టే. 2024 ఆగస్టు 23న ఆంధ్రలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టింది కూడా ఈ ఉపాధి హామీ పనుల లిస్టు కోసమే, ఆ రోజు సభకి వెళ్ళి వీధి పేరు రాయించుకున్నోళ్లకి తర్వాత పల్లె పండుగ అనే ప్రభుత్వ పనుల కార్యక్రమంలో రోడ్డు అడిగే హక్కు వచ్చింది. ఇంకోటి, 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో వీబీ జీ రామ్ జీ అని కొత్త చట్టం తెచ్చింది, పని దినాలు 125, ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతం. కాబట్టి పాత లెక్కలు చెప్పి వాదించకుండా ముందు మండలంలో ఏపీవోని (ఉపాధి హామీ చూసే అధికారి) కలిసి ఇప్పుడు ఏ రూలు నడుస్తుంది, మన పంచాయతీ పేరు మీద షెల్ఫ్‌లో ఏ పనులున్నాయి అని కనుక్కోండి. షెల్ఫ్ ఆఫ్ వర్క్స్ అంటే ముందే ఓకే చేసి పెట్టుకున్న పనుల లిస్టు, అందులో లేని పని మధ్యలో దూరడం కష్టం.

ఫైనాన్స్ కమిషన్ గ్రాంటు నేరుగా పంచాయతీ అకౌంట్‌కి వచ్చే డబ్బు. 15వ ఫైనాన్స్ కమిషన్ 2021 నుంచి 2026 దాకా దేశంలో గ్రామీణ స్థానిక సంస్థలకి 2,36,805 కోట్లు చెప్పింది, అందులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలి, మిగతా 40 శాతం పంచాయతీ ఇష్టం, జీతాలకి మాత్రం వాడకూడదు. రోడ్డు గుంతలు పూడ్చడం, గ్రావెల్ పొయ్యడం, చిన్న తూము వెయ్యడం లాంటివి ఆ 40 శాతంలోంచే చెయ్యాలి. కొత్త బీటీ రోడ్డు దీంతో అవ్వదు, సర్పంచ్‌ని ఊరికే ఇబ్బంది పెట్టొద్దు. కానీ డబ్బంతా గ్రామ పంచాయతీకే రాదు, 70 నుంచి 85 శాతం పంచాయతీకి పోగా మిగతాది మండల పరిషత్తుకీ జిల్లా పరిషత్తుకీ పోతుంది, అందుకే రెండు ఊళ్ల మధ్య కల్వర్టు లాంటిది ఎంపీటీసీ, జడ్పీటీసీలని అడిగితే దారి దొరుకుతుంది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఈ గ్రాంటు ఆగిపోతుంది, తెలంగాణలో సర్పంచుల పదవీకాలం అయిపోయి 2024 ఫిబ్రవరిలో స్పెషల్ ఆఫీసర్లు వచ్చాక ఇదే అయ్యింది, 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా చాలా ఊళ్ళలో కార్యదర్శులు ట్రాక్టర్ డీజిల్‌కి కూడా వెతుక్కున్నారు. 2026 ఏప్రిల్ నుంచి 16వ కమిషన్ లెక్క, పర్సంటేజీలు మారతాయి కాబట్టి కార్యదర్శిని కొత్త సర్క్యులర్ చూపించమనండి.

ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీ నిధులు, అందరికీ తెలిసిందే, ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు, 1993లో మొదలైంది. ఎంపీ రికమెండ్ చేస్తారంతే, శాంక్షన్ చేసేది జిల్లా యంత్రాంగం. ఇందులో 15 శాతం ఎస్సీ జనాభా ఉండే చోట, 7.5 శాతం ఎస్టీలు ఉండే చోట ఖర్చు పెట్టాలని రూలు, దాన్నే పట్టుకుని ఎస్సీ కాలనీ రోడ్డు అని స్పష్టంగా రాసి అడిగితే ఎంపీ పీఏకి కూడా పని తేలిక, ఆ కోటా ఎలాగూ నింపాలి కదా. లోక్‌సభ ఎంపీనే పట్టుకుని వేలాడక్కర్లేదు, రాజ్యసభ ఎంపీ రాష్ట్రంలో ఏ జిల్లాకైనా ఇవ్వొచ్చు, వాళ్ల దగ్గర రద్దీ తక్కువ, ఈ చిట్కా నిజంగా పనిచేస్తుంది. కాలనీ రోడ్లకే ఎస్సీ ఎస్టీ సబ్‌ప్లాన్ ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం చేశారు, తెలంగాణ 2017లో దాని బదులు ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది.

గనుల దగ్గర ఊళ్ళు అయితే అసలు మర్చిపోకూడని పద్దు డీఎంఎఫ్, జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టం మార్చి పెట్టారు, లీజుదారుడు రాయల్టీ మీద అదనంగా, వేలంలో వచ్చిన లీజు అయితే 10 శాతం, అంతకుముందు లీజు అయితే 30 శాతం, ఈ నిధికి కట్టాలి. 2024 గైడ్‌లైన్స్ ప్రకారం 70 శాతం నీళ్లు, ఆరోగ్యం, చదువు లాంటివాటికి, మిగతా 30 శాతం లోపల రోడ్లు, వంతెనలు వగైరాలకి. సింగరేణి బొగ్గు బెల్టులో, సున్నపురాయి క్వారీల దగ్గర ఊళ్ళలో టిప్పర్లు తిరిగి తిరిగి రోడ్డు దుమ్ము దుమ్ము అయిపోతుంది, ఆ టిప్పర్ల మీద వచ్చిన డబ్బే జిల్లాలో ఉంటుంది, కానీ అది కలెక్టర్ చైర్మన్‌గా ఉన్న కమిటీ చేతిలో ఉంటుంది కాబట్టి అడక్కపోతే జిల్లా కేంద్రంలో ఏదో బిల్డింగ్‌కి పోతుంది. అర్జీలో "గని ప్రభావిత గ్రామం" అన్న మాట తప్పకుండా ఉండాలి, మన ఊరు ఆ లిస్టులో ఉందో లేదో మైనింగ్ ఆఫీసులో చూసుకోండి.

వాగు మీద వంతెన అయితే వీటిలో చాలావరకు చాలవు. నాబార్డు దగ్గర ఆర్ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి) అని 1995-96 నుంచి ఉంది, రాష్ట్ర ప్రభుత్వానికి అప్పు ఇస్తారు, గ్రామీణ రోడ్లు, వంతెనలకి బాగా వాడతారు. దీనికి మనం నేరుగా అప్లై చెయ్యలేం, పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ప్రపోజల్ పెట్టాలి, ఎమ్మెల్యే లెటర్ జతచెయ్యాలి, ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ ఓకే అనాలి, టైం పడుతుంది. పెట్రోలు డీజిల్ సెస్సుతో నడిచే కేంద్ర రోడ్డు నిధి సీఆర్ఐఎఫ్ అని ఇంకోటి ఉంది గానీ అది పెద్ద రోడ్లకి, మన ఊరి స్థాయిలో దాని వెనక తిరగడం వేస్టు.

కాగితం ఎలా ఉండాలి

ఒక్కడి అర్జీ కంటే గ్రామసభ తీర్మానానికి విలువ వేరు, ఎందుకంటే రోడ్లు, కల్వర్టులు, వంతెనలు రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకి ఇచ్చిన 29 అంశాల్లో ఉన్నాయి. సభలు మామూలుగా జనవరి 26, ఏప్రిల్ 24, ఆగస్టు 15, అక్టోబర్ 2న పెడతారు. అక్టోబర్ 2 దగ్గర మొదలయ్యే సభలు ముఖ్యం, వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, జీపీడీపీ, అప్పుడే రాస్తారు, ఆ ప్లాను ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కాలి. ఎక్కిందో లేదో ఎవరైనా ఆ సైట్‌లో పంచాయతీ పేరు కొట్టి చూసుకోవచ్చు. మార్చిలో వెళ్ళి ఏడుస్తే ఏం లాభం ఉండదు.

తీర్మానంలో బరువైన మాటలు అక్కర్లేదు, కానీ కొలతలు ఉండాలి. ఇలా రాయించండి: "ఫలానా తేదీన సర్పంచ్ అధ్యక్షతన ఇంతమంది హాజరైన గ్రామసభలో చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించినది ఏమనగా, మా పంచాయతీ పరిధిలోని ఫలానా తండా (2011 జనాభా 320) నుండి ఫలానా మెయిన్ రోడ్డు వరకు గల 2.4 కిలోమీటర్ల మట్టి రోడ్డు వానాకాలంలో నడవడానికి వీలుకాక హైస్కూలు విద్యార్థులు, గర్భిణులు ఇబ్బంది పడుతున్నందున, మధ్యలో రెండు కల్వర్టులతో సహా ఈ రోడ్డును ఫలానా పథకం కింద ప్రతిపాదించవలసిందిగా కోరుతున్నాము. రోడ్డుకు కావలసిన స్థలం ఇవ్వడానికి ఇరువైపులా రైతులు సమ్మతించి సంతకాలు చేసినారు." అంతే. తీర్మానం నంబరు, తేదీ, కార్యదర్శి సంతకం, సీలు ఉన్న కాపీ ఒకటి మన దగ్గర ఉంచుకోండి, ఒకటి ఎంపీడీవోకి, ఒకటి ఏఈకి, రిసీవ్డ్ స్టాంపు కొట్టించుకోకుండా ఎవ్వరికీ ఇవ్వొద్దు. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో, అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అంటారు, అక్కడ ఇచ్చేటప్పుడు ఈ కాపీలు వెనక కుట్టి ఇస్తే ఆ అర్జీని ఊరికే ఎండార్స్ చేసి వదిలెయ్యలేరు.

ఆ తర్వాత ఏఈ వచ్చి కొలతలు తీసి ఎస్టిమేట్ వేస్తారు, దాన్నిబట్టి పరిపాలనా అనుమతి, టెక్నికల్ శాంక్షన్, టెండరు, అగ్రిమెంట్, ఇదీ వరస. పేపర్లో "రోడ్డుకు నిధులు మంజూరు" అని వస్తే అది పరిపాలనా అనుమతి మాత్రమే అయ్యుండొచ్చు, టెండరు దాకా రాకుండా ఆగిన మంజూర్లు కోకొల్లలు. ఫోన్ చేసినప్పుడు "సార్ ఏమైంది" అని కాకుండా "టెక్నికల్ శాంక్షన్ అయిందా, టెండరు పిలిచారా" అని అడగండి, వచ్చే జవాబు మారుతుంది.

స్థలం తగాదా, అడవి తగాదా

డబ్బు వచ్చాక కూడా రోడ్లు ఆగేది ఎక్కువగా ఇక్కడే. పీఎంజీఎస్‌వైలో భూసేకరణకి డబ్బు ఇవ్వరు, స్థలం రాష్ట్రం చూసుకోవాలి, ఆచరణలో రైతులు వదులుకోవాలి. ఎస్టిమేట్ ముందు ఏఈ, సర్పంచ్, రెవెన్యూ మనిషి, ఊరివాళ్లు కలిసి రోడ్డు పొడవునా నడిచి చూస్తారు, ట్రాన్సెక్ట్ వాక్ అంటారు, ఈ నడక కాగితం మీద జరిపించేసి వదిలేస్తే తర్వాత ప్రొక్లెయినర్ దిగిన రోజున గట్టు దగ్గర గొడవ మొదలవుతుంది. నడక రోజున పొలాల వాళ్లందరూ ఉండేలా చూడండి, వేరే ఊళ్ళో ఉంటున్న అన్నదమ్ముల సంతకం కూడా ముందే తెప్పించండి, పట్టాదారు పేరు ఒకరిది, దున్నేది ఇంకొకరు ఉంటారు కదా. రోడ్డు మార్జిన్లతో కలిపి మొత్తం వెడల్పు 6 నుంచి 7.5 మీటర్లు కావాలి, తారు పడే భాగం 3 నుంచి 3.75 మీటర్లే అయినా. చిన్న రైతుది అర ఎకరంలో పావు వంతు పోతుంటే ఊరంతా కలిసి బలవంతం చెయ్యడం న్యాయం కాదు, ఆ చోట మలుపు మార్చగలమేమో ఏఈని అడగండి, చాలాసార్లు కుదురుతుంది.

అడవి భూమి అడ్డమైతే ఢిల్లీ పర్మిషన్ కావాలని భయపెడతారు. ప్రతిదానికీ అక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూడండి, రోడ్లు, స్కూళ్ళు, అంగన్‌వాడీలు లాంటి 13 రకాల పనులకి, ఒక్కో పనికి హెక్టారు లోపు అడవి భూమి అయితే, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకపోతే, గ్రామసభ సిఫార్సు ఉంటే జిల్లా స్థాయిలోనే డీఎఫ్‌వో (జిల్లా అటవీ అధికారి) దగ్గర తేలుతుంది. 6 మీటర్ల వెడల్పుతో లెక్కేస్తే హెక్టారు అంటే సుమారు 1.6 కిలోమీటర్ల రోడ్డు, చాలా గూడేలకి అడవిలో పోయే ముక్క అంతకంటే చిన్నదే. ఆ గ్రామసభ సిఫార్సు లేకుండా ఫారెస్టు ఆఫీసు చుట్టూ తిరగడం అనవసరం.

పని నడుస్తున్నప్పుడు

పని మొదలయ్యాక ఊరు నిద్రపోతుంది, కాంట్రాక్టర్‌కి కావాల్సింది అదే. ఎస్టిమేట్ కాపీ చేతిలో ఉంటే అందులో గ్రావెల్ ఎంత మందం, మెటల్ ఎంత, సీసీ ఎంత అని ఉంటుంది, సీసీ పోసి పక్కన మట్టి వెయ్యకముందే అంచు దగ్గర టేపు పెట్టి మందం కొలవండి, తర్వాత కొలవలేరు. నీళ్లు కట్టడం రెండు వారాలైనా జరగాలి, రెండ్రోజులకే ట్రాక్టర్లు వదిలేసే మన తొందర కూడా రోడ్డుని చంపేదే, అందులో కాంట్రాక్టర్ తప్పేం లేదు. పక్కన కాలవ లేకుండా రోడ్డు వేస్తుంటే అక్కడే ఆపి అడగండి, నీళ్లు నిలిస్తే తారు రోడ్డు రెండు వానలకి పోతుంది.

ఎస్టిమేట్ ఇవ్వకపోతే సమాచార హక్కు ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10, జవాబు 30 రోజుల్లో రావాలి. ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్ కాపీలు అడగండి, ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం, బిల్లు దాన్నిబట్టే అవుతుంది. ఆ చట్టంలోనే పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, మెటీరియల్ శాంపిల్ సర్టిఫై చేయించి తీసుకునే హక్కు కూడా రాసి ఉంది, దీన్ని వాడేవాళ్లు చాలా తక్కువ.

పీఎంజీఎస్‌వై రోడ్డు అయితే వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు బాగుచెయ్యాలి, రోడ్డు మొదట్లో బోర్డు మీద తేదీలు ఉంటాయి, గుంత పడితే మేరీ సడక్ యాప్‌లో ఫోటో పెట్టండి. ఐదేళ్లు దాటే నెల ముందు ఒకసారి రోడ్డంతా తిరిగి పాడైన చోట్లన్నీ ఫోటోలు తీసి పంపించడం మంచిది, గడువు దాటాక ఆ గుంతలు మళ్ళీ పంచాయతీరాజ్ నెత్తిన, అంటే మన నెత్తినే.

బస్సు అడగడం వేరే పని

రోడ్డు రాగానే బస్సు రాదు. ఆర్టీసీలో నిర్ణయం మొదలయ్యేది డిపో మేనేజర్ దగ్గర, ఎమ్మెల్యే లెటర్ తర్వాత సంగతి. డీఎంకి మూడు విషయాలు కావాలి: రోడ్డు బస్సుకి పనికొస్తుందా, జనం ఎక్కుతారా, క్రూ (డ్రైవర్, కండక్టర్), బస్సు ఖాళీ ఉన్నాయా. మొదటిదానికి ఊరివాళ్లే ముందుగా చూసుకోండి, కిందకి వేలాడే కరెంటు తీగలు, చింతకొమ్మలు, ఇరుకు మలుపు, చివర్లో బస్సు తిరగడానికి ఖాళీ స్థలం, ఇవన్నీ సర్వేకి వచ్చిన రోజున కనిపిస్తే అక్కడితో సరి. రెండోదానికి లెక్క ఇవ్వండి, ఎంతమంది పిల్లలు ఏ కాలేజీకి ఏ టైంకి వెళ్తారు, పాసులు ఎంతమంది తీసుకుంటారు, సంత ఏ వారం, ఆస్పత్రి ఎక్కడ. ఊరికే "జనం చాలామంది ఉన్నారు" అంటే ఆయన పై ఆఫీసుకి ఏం రాస్తారు చెప్పండి.

కొత్త బస్సు అడగడం కంటే ఉన్న ట్రిప్పుని పొడిగించమనడం పది రెట్లు తేలిక. పక్క ఊరి దాకా వచ్చి తిరిగిపోయే పల్లె వెలుగుని ఇంకో 4 కిలోమీటర్లు రమ్మంటే డీజిల్, క్రూ టైము తప్ప వాళ్లకి కొత్త ఖర్చు లేదు. పొద్దున్నే 7 గంటలకి కాలేజీ బస్సు కావాలంటే నైట్ హాల్ట్ అడగాలి, రాత్రి బస్సు ఊళ్ళోనే పడుకుని తెల్లారి బయల్దేరుతుంది, దానికి డ్రైవర్, కండక్టర్ పడుకోవడానికి గది, ఫ్యాను, బాత్రూమ్ ఊరు చూపించాలి, పంచాయతీ ఆఫీసులో ఒక గది ఇచ్చి ఆ విషయం తీర్మానంలో రాస్తే సగం పని అయిపోయినట్టే. డీఎంలు డయల్ యువర్ డీఎం అని ఫోన్ కార్యక్రమం పెడుతుంటారు, ఆ గంటలో ఒకే ఊరినుంచి నలుగురు వేరువేరుగా చేసి ఒకే ట్రిప్పు అడిగితే రిజిస్టర్‌లో నాలుగు ఎంట్రీలు పడతాయి.

ఫ్రీ బస్సు వచ్చాక ఒక మార్పు ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి. ఆడవాళ్ళకి ఇచ్చే జీరో టికెట్ ఊరికే ఇచ్చే కాగితం కాదు, ఎన్ని జీరో టికెట్లు కొట్టారో దాన్నిబట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి, ఆ రూట్లో ఎంతమంది ఎక్కారన్న లెక్క కూడా అదే. రద్దీలో కండక్టర్ టికెట్ కొట్టకుండా "కూర్చో అమ్మా, ఫ్రీనే కదా" అని వదిలేస్తే ఆ రూటు కంప్యూటర్లో ఖాళీగా కనిపిస్తుంది, ఖాళీగా కనిపించే ట్రిప్పునే ముందు తీసేస్తారు. డ్వాక్రా మీటింగ్‌లో ఈ ముక్క చెప్పండి, ఆధార్ తీసి చూపించి టికెట్ అడిగి మరీ తీసుకోమనండి.

తెలంగాణలో ఇంకో దారి కూడా తెరుచుకుంది, 2025 మార్చిలో మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకి ఇచ్చే స్కీము మొదలైంది. బస్సు ఏ రూట్లో తిరగాలో ఆర్టీసీనే చెప్తుంది, కానీ సమాఖ్య వాళ్ళది ఆ డిపోలో బస్సు ఉన్నప్పుడు వాళ్ళ మండలం ట్రిప్పుల గురించి డీఎం ముందు కూర్చుని మాట్లాడే అవకాశం ఉంటుంది, మన సమాఖ్య ఇందులో ఉందో లేదో ఏపీఎంని (మండలంలో మహిళా సంఘాల్ని చూసే అధికారి) అడగండి. ట్రిప్పు వచ్చాక మాత్రం మొదటి మూడు నెలలు ఆటోలు వదిలేసి బస్సే ఎక్కాలి, ఆటో వాళ్ళు మనవాళ్లే అన్న మొహమాటం ఉంటుంది నాకూ తెలుసు, వాళ్లతో ముందే మాట్లాడుకుని బస్సు లేని టైములు వాళ్లకి వదిలేయండి, లేకపోతే కలెక్షన్ రాలేదని ట్రిప్పు తీసేశాక మళ్ళీ తెప్పించడం మొదటిసారి కంటే కష్టం.